కాటుక కోపం చినుకు మీద కాదు, వాసన మీద

ప్రశ్న: మాది విశాఖపట్నంలో రెండు పడకగదుల ఫ్లాటు. ఇంట్లో ఇప్పటికే రెండు పిల్లులున్నాయి. కాటుక ఆడది, ఐదేళ్ళు. లడ్డు మగవాడు, మూడేళ్ళు. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాము. చిన్నప్పుడు టీకాలు వేయించాము కానీ ఆ తర్వాత కుదరలేదు. నాలుగు రోజుల క్రితం జోరువానలో మా సెల్లారులో స్కూటరు కింద ఒక పిల్లికూన తడిసి వణుకుతూ కనిపించింది. తెలుపు, నలుపు, నారింజ మూడు రంగులూ ఉన్నాయి. వయసు రెండు నెలలుంటుందేమో. తల్లి కనిపించలేదు. మా బాబు అప్పుడే చినుకు అని పేరు కూడా పెట్టేశాడు. ఇంట్లోకి తెచ్చి హాల్లో వదిలాము. చూడగానే కాటుక బుసకొట్టి మీదికి ఉరికింది. అప్పటినుంచి కూన ఫ్రిజ్ వెనక నుంచి బయటికి రావడం లేదు. కాటుక సరిగ్గా తినడం లేదు, నిన్న మా మంచం మీద మూత్రం పోసింది. లడ్డు మాత్రం దూరంగా కూర్చుని చూస్తున్నాడు. "వాటి గొడవ అవే తేల్చుకుంటాయి" అంటారు మావారు. "చేపల మార్కెట్ దగ్గర వదిలేయండి, అక్కడైతే బతుకుతుంది" అంటారు అత్తగారు. కాటుకది అసూయేనా? మేము తొందరపడ్డామా? అన్నట్టు, మొదటిరోజు ఫ్రిజ్ వెనక నుంచి తీయబోతే కూన బాబు చేతిని గీరింది. కొంచెం రక్తం వచ్చింది. పసుపు పెట్టాము, మానిపోయింది.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని చిట్టచివర "అన్నట్టు" అని రాశారు. నేను అక్కడినుంచే మొదలుపెడతాను. పిల్లుల సంగతి సాయంత్రం చూద్దాం, ముందు బాబును డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వీధికూన గీరి రక్తం వచ్చిందంటే రేబిస్ టీకా గురించి ఆలోచించవలసిన గాయమే. రేబిస్ కుక్కకాటుతోనే వస్తుందని మనలో చాలామంది నమ్మకం. పిల్లి నుంచీ వస్తుంది. పిల్లి రోజంతా పంజాలు నాక్కుంటుంది కాబట్టి గోళ్ళకు లాలాజలం అంటి ఉండవచ్చు. మీ చినుకుకు ఆ జబ్బు ఉండే అవకాశం తక్కువే. అయినా లక్షణాలు కనిపించాక మందు లేని జబ్బు విషయంలో "తక్కువే కదా" అని ఊరుకోకూడదు. నాలుగు రోజులు గడిచాయి, ఇక లాభం లేదేమో అని మానేయవద్దు, ఇప్పటికైనా వేయించవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగానే వేస్తారు. రక్తం వచ్చింది కాబట్టి టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా అవసరమా అన్నది డాక్టరు చెబుతారు. కూన పది రోజులు ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి కూడా ఆయనే చూస్తారు. అంతేకానీ ఆ పది రోజులు ఇంట్లో కూర్చుని ఎదురుచూడడం మాత్రం పనికిరాదు. ఇకముందు ఎవరికి గీరినా, కరిచినా వెంటనే కుళాయి నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టకండి. ఆ పదిహేను నిమిషాల కడుగుడు చేసే మేలు వంటింట్లోని ఏ డబ్బా చేయదు.

ఇక ఇంటి సంగతి.

కాటుకది అసూయ కాదు. అసూయ పడాలంటే మీ ప్రేమలో తన వాటా ఎంతో, చినుకు వాటా ఎంతో లెక్క చూసుకోవాలి. కాటుకకు అంత తీరిక లేదు. దాని కష్టం మరొకటి. మనం ఇంటిని కళ్ళతో గుర్తుపడతాం, పిల్లి ముక్కుతో గుర్తుపడుతుంది. మీ కాటుక గుమ్మాలకు, సోఫా మూలలకు, మీ కాళ్ళకు చెంపలు రుద్దుతుంది కదా. దాని చెంపల్లో, గడ్డం కింద, తోక మొదట్లో వాసన గ్రంథులు ఉంటాయి. రుద్దిన ప్రతిచోటా తన ముద్ర వేస్తుంది. ఐదేళ్ళుగా అది ఇల్లంతా అలా రాసుకున్న ఖాతా ఉంది. "ఇది నాది, ఇక్కడ భయం లేదు" అని దాని అర్థం. లడ్డు వాసన కూడా కాలక్రమంలో ఆ ఖాతాలో చేరిపోయింది. ఉన్నట్టుండి ఒక సాయంత్రం మురుగునీరు, ఇంజను నూనె, ఇంకెవరో పిల్లి తల్లి వాసన కలగలిసిన ఒక గుప్పెడు ప్రాణిని తెచ్చి ఆ ఖాతా నడిమధ్యన పెట్టారు. అది కూన అని, రెండు నెలలదని, దిక్కులేనిదని కాటుకకు ఎవరు చెప్పారు? దానికి తెలిసింది దొంగ వాసన ఒక్కటే. మంచం మీద పోసిన మూత్రం కూడా మీ మీద కసితో పోసినది కాదు. మీ వాసన అన్నిటికన్నా గాఢంగా ఉండే చోట తన వాసన కలిపి ధైర్యం తెచ్చుకుంటోంది. దుప్పట్లు ఉతికే మీకు ఇది ఓదార్పు కాదని తెలుసు.

మీవారి మాట ఎందుకు తప్పో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. కుక్కలు గుంపుగా వేటాడి బతికిన జాతి. కొత్త కుక్క వస్తే గొడవపడి ఒక కొలిక్కి రాగలవు. పిల్లి పూర్వీకులు ఒంటరిగా వేటాడినవి. ఒంటరి వేటగాడికి గాయమైతే తిండి పెట్టేవాళ్ళు ఉండరు. అందుకే పిల్లి గొడవను తేల్చుకోదు, తప్పించుకుంటుంది. తప్పించుకునే దారి లేకపోతే ఆ భయాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మొదటి కొట్లాట రెండో కొట్లాటకు పునాది అవుతుంది. చాలా ఏళ్ళ క్రితం నేనూ ఇలాగే "ఒక గంట కలిపి ఉంచితే అవే సర్దుకుంటాయి" అనుకుని మా పెద్ద పిల్లినీ కొత్తగా వచ్చినదాన్నీ ఒకే గదిలో పెట్టి తలుపు వేశాను. గంట కాలేదు, పది నిమిషాలకే తెరవవలసి వచ్చింది. ఆ పది నిమిషాల పని సరిచేయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ తర్వాత కూడా పెద్దది వంటగది గుమ్మం దాటేముందు రెండో దాని కోసం అటూ ఇటూ చూసేది.

అలాగని పిల్లులు కలిసి బతకలేవని కాదు. తిండి దండిగా దొరికే చేపల రేవుల్లో, పాడి కొట్టాల్లో అవి గుంపులుగానే ఉంటాయి. అక్కాచెల్లెళ్ళ వంటి ఆడ పిల్లులు ఒకదాని పిల్లలకు మరొకటి పాలిస్తాయి కూడా. గమనించి చూడండి, అవి ఎదురుపడినప్పుడల్లా ఒళ్ళూ ఒళ్ళూ రుద్దుకుంటాయి. అలా రుద్దుకుని రుద్దుకుని గుంపు మొత్తానికి ఒకే వాసన తెచ్చుకుంటాయి. ఆ వాసన ఉన్నది మనది, లేనిది పరాయిది. మనం ఇంట్లో చేయవలసిన పనంతా ఆ ఉమ్మడి వాసనను, అవి కొట్టుకోకముందే, మన చేతులతో తయారుచేయడం. అందుకు ముందు ఒక తలుపు కావాలి.

కాబట్టి ఈ నాలుగు రోజులు జరగలేదనుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టండి. మీ చిన్న పడకగదిని చినుకుకు ఇచ్చేయండి. అత్తగారి గది అదే అయితే బాత్‌రూమ్ అయినా సరే, పొడిగా ఉంటే చాలు. ముందు దాన్ని ఫ్రిజ్ వెనక నుంచి తీయాలి కదా, చెయ్యి మాత్రం పెట్టకండి. అది అక్కడే దూరింది ఎందుకంటే అక్కడ వెచ్చగా ఉంటుంది, వెనక గోడ ఉంటుంది. ఒకవైపు అట్టపెట్టెను పడుకోబెట్టి, అందులో పాత నూలు చీర ముక్క వేసి, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం పీచులు గోరువెచ్చగా పెట్టి, వంటగదిలో దీపం ఆర్పి మీరంతా వెళ్ళిపోండి. కాటుకనూ లడ్డునూ వేరే గదిలో ఉంచండి. గంటకో రెండు గంటలకో అది పెట్టెలోకి వస్తుంది. పెట్టెతో సహా గదిలోకి మార్చండి. ఆ పెట్టె అక్కడా దాని ఇల్లే.

గదిలో పెట్టె ఒక మూల, తిండీ నీళ్ళూ మరో మూల, వాటికి దూరంగా అంచు తక్కువున్న ట్రేలో ఇసుక. ఇంత చిన్న కూనలు ఇసుకను రుచి చూస్తాయి కాబట్టి తడికి ఉండకట్టే రకం ఇప్పుడు వద్దు. పాలు పోయకండి. పిల్లికి పాలు అన్న మాట మన సామెతల్లో ఎంత బలంగా ఉన్నా, ఆవు, గేదె పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పాలు మరిచే వయసు నుంచి పిల్లికి తగ్గిపోతూ వస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ఒళ్ళంతా కలిపి కిలో కూడా లేని ప్రాణికి ఒక్కరోజు విరేచనాలే ఎక్కువ. పెరుగన్నం కడుపు నింపుతుంది కానీ కూనను పెంచదు. పిల్లి పూర్తిగా మాంసాహారి. కూనల కోసం అమ్మే మేత, ఉడికించిన కోడి, ముళ్ళు తీసిన చేప రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. వంటింటి తూకం మీద గిన్నె పెట్టి అందులో చినుకును కూర్చోబెట్టి రెండు రోజులకోసారి బరువు రాసుకోండి. వారానికి సుమారు 100 గ్రాములు పెరుగుతుంటే బాగున్నట్టు. పెరగకపోయినా, తగ్గినా డాక్టరుకు చూపించాలి.

ఆ గది తలుపు రెండు వారాలు మూసే ఉండాలి. ఇందులో సగం కారణం కాటుక కోపం, మిగతా సగం అంతకన్నా పెద్దది. వీధికూనలు తెచ్చే జబ్బుల్లో అన్నిటికన్నా భయపడవలసినది పాన్‌ల్యూకోపీనియా, అంటే పిల్లుల పార్వో అనే వైరస్ జబ్బు. వైరస్ ఒంట్లో చేరిన తర్వాత జబ్బు బయటపడడానికి పది రోజుల దాకా పట్టవచ్చు. ఈరోజు ఆడుతున్న కూన రేపటికి వాంతులతో, విరేచనాలతో వాలిపోవచ్చు. ఆ వైరస్ గచ్చు మీద, చాప మీద, చెప్పుల మీద ఏడాది దాకా కూడా బతకగలదు. కాటుకకూ లడ్డుకూ టీకా కాలం మీరిపోయింది కాబట్టి రేపే పశువుల డాక్టరుకు ఫోను చేసి వాటి టీకాల సంగతి అడగండి. నాలుగు రోజులు కలిసి ఉన్నాయి, ఆ నాలుగు రోజులను వెనక్కి తేలేము. అందుకే పెద్ద పిల్లులను కూడా ఈ రెండు వారాలు వాంతులు, జ్వరం, నలత ఉన్నాయేమో చూస్తూ ఉండండి. చినుకు గదిలోకి వెళ్ళివచ్చిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడగండి. ఆ గదికి ఒక చెప్పుల జత, పైన వేసుకునే ఒక పాత చొక్కా విడిగా పెట్టుకోండి.

చినుకును డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఏలికపాముల మందు బరువును బట్టి ఇస్తారు, రెండు వారాలకోసారి మళ్ళీ వేయాలి. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకోసారి, కూనకు 16 వారాలు నిండేదాకా సాగుతుంది. ఒక్క సూదితో ఎందుకు సరిపోదంటే, తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు, అది ఏ వారం తగ్గుతుందో బయటికి కనిపించదు. రేబిస్ టీకా మూడు నెలలకు. రెండు చుక్కల రక్తంతో పిల్లులకు ల్యుకేమియా (రక్త క్యాన్సర్), ఎయిడ్స్ తెచ్చే వైరస్‌లు ఉన్నాయేమో చూసే పరీక్ష ఉంది. మొదటిది ఒకే గిన్నెలో తిన్నా, ఒకదాన్నొకటి నాకినా అంటుతుంది కాబట్టి కలపకముందే చేయించడం మంచిది. పిల్లుల ఎయిడ్స్ మనుషులకు రాదు, అత్తగారికి ఆ పేరు వినిపించేముందు ఈ మాట చెప్పండి. పరీక్షలో ఎయిడ్స్ ఉందని వచ్చినా కంగారుపడకండి. తల్లి నుంచి వచ్చిన రక్షణ వల్ల కూనల్లో అది పొరపాటుగా చూపించవచ్చు, ఆరు నెలల వయసు దాటాక మళ్ళీ చూస్తారు. బొచ్చు ఊడిన గుండ్రటి మచ్చలుంటే తామర కావచ్చు. అది మాత్రం మీకూ బాబుకూ అంటుతుంది.

ఒంటి మీది పురుగుల సంగతి వేరే చెప్పాలి. బొచ్చు పాయలు తీసి చూస్తే గోధుమరంగు పురుగులు పరిగెత్తుతాయి, మిరియాలపొడి లాంటి నలుసులు కనిపిస్తాయి. కుక్కల ఒంటి పురుగులకు వాడే మందు మిగిలిందని ఎవరైనా ఇస్తే పుచ్చుకోకండి. వాటిలో చాలావాటిలో ఉండే పెర్మెత్రిన్ కుక్కకు మందు, పిల్లికి విషం. ఇదే వరుసలో ఇంకో రెండు విషాలు మీ ఇంట్లో ఇప్పటికే ఉన్నాయి. ఒకటి ఫినాయిల్, రెండు పారాసిటమాల్. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటికి పంపే పని మన కాలేయం సులువుగా చేస్తుంది, పిల్లి కాలేయానికి ఆ పనిముట్టు దాదాపు లేదు. ఫినాయిల్‌తో తుడిచిన గచ్చు మీద నడిచి, పాదాలు నాక్కుంటే చాలు. కూన ఒళ్ళు వేడిగా ఉందని బాబు సిరప్ ఒక చెంచా పోస్తే ప్రాణానికే ముప్పు. జ్వరమైనా ఏదైనా మనుషుల మందు ఏదీ వద్దు. మరి ఆ పార్వో వైరస్‌ను దేనితో కడగాలంటారా? ద్రవ బ్లీచ్ ఒక వంతు, నీళ్ళు ముప్ఫై వంతులు కలిపి, గచ్చు పది నిమిషాలు తడిగా ఉండేలా తుడిచి, తర్వాత మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. పిల్లులు ఆరిన తర్వాతే రావాలి.

మంచం మీద మూత్రానికి కూడా ఫినాయిల్ కొట్టే ఉంటారు. మనకు వాసన పోతుంది, కాటుకకు పోదు. పైగా అది వేసుకున్న మంచి ముద్రలు కూడా ఆ ఘాటులో కొట్టుకుపోతాయి, మళ్ళీ రాసుకోవలసి వస్తుంది. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైము ద్రవంతో కడగండి. ఈ నెల రోజులు ఇంట్లో సాంబ్రాణి పొగ, అగరువత్తులు, రూమ్ స్ప్రేలు కొంచెం తగ్గిస్తే మీ ముక్కుకు ఏమీ కాదు, కాటుక ముక్కు ఊపిరి పీల్చుకుంటుంది.

రెండు వారాల్లో మూడో రోజునుంచి చేయవలసిన పని ఒకటుంది. రోజుకోసారి మెత్తని నూలుగుడ్డతో చినుకు చెంపలు, గడ్డం కింద సున్నితంగా తుడవండి. ఆ గుడ్డను కాటుక నడిచే దారిలో ఒక పక్కన పడేయండి. ముక్కుకు పెట్టి చూపించకండి. మొదటిరోజు బుసకొడుతుంది, కొట్టనివ్వండి. నాలుగోరోజుకు వాసన చూసి తిరిగిపోతుంది. ఎప్పుడో ఒకరోజు దాని మీదే కూర్చుంటుంది. మీరు సగం గెలిచినట్టే. కాటుకనూ లడ్డునూ తుడిచిన గుడ్డ చినుకు పెట్టెలోకి వెళ్ళాలి. అయితే డాక్టరు చినుకుకు ఏ అంటుజబ్బూ లేదని చెప్పాకే ఈ గుడ్డల రాకపోకలు మొదలుపెట్టండి, జబ్బు లక్షణాలు ఏమైనా కనిపిస్తే ఆపేయండి. ఈలోగా చినుకు గది తలుపుకు ఇవతల కాటుక గిన్నె, అవతల చినుకు గిన్నె పెట్టండి. మొదట తలుపుకు ఐదారడుగుల దూరం, కాటుక మామూలుగా తింటుంటే రోజుకు ఒక జానెడు దగ్గర. తినడం మానేస్తే తొందరపడినట్టు, ఒక అడుగు వెనక్కి జరపండి. ఈ వాసన వచ్చినప్పుడల్లా నాకు మంచి తిండి వస్తుంది అన్న లెక్క దాని బుర్రలో కుదరాలి.

రెండు వారాలు గడిచి, చినుకు ఆరోగ్యంగా ఉంటే చూపుల ఘట్టం. ఇక్కడ మన ఇళ్ళకు ఒక సౌకర్యం ఉంది. మీ ఫ్లాటులో గదులకు దోమల జాలీ తలుపు ఉందా? ఉంటే ఇంతకన్నా మంచి పరికరం ఏ దుకాణంలోనూ దొరకదు. చెక్క తలుపు తెరిచి జాలీ మూసి, ఇటూ అటూ గిన్నెలు పెట్టండి. నైలాన్ జాలీ అయితే చినుకు పాకి చింపేస్తుంది, కింది సగానికి అట్టముక్క కట్టి నడుమ రెండంగుళాల సందు ఉంచండి. జాలీ లేకపోతే తలుపును తాడుతో కూన దూరలేనంత సందే తెరుచుకునేలా కట్టినా చాలు. దానికి ముందో వెనకో ఒకరోజు గదులు మార్చండి. పెద్ద పిల్లులను చిన్న గదిలో పెట్టి, చినుకును ఇల్లంతా తిరగనివ్వండి. ఎవరి ఖాతా ఏమిటో రెండు పక్షాలూ చదువుకుంటాయి.

ముఖాముఖి మొదట ఐదు నిమిషాలు. చినుకును అలసిపోయేదాకా ఆడించి, కడుపునిండా పెట్టి, అప్పుడు తలుపు తీయండి. ఆకలితో గంతులేసే కూన ఏ ఐదేళ్ళ ఆడ పిల్లికి మాత్రం నచ్చుతుంది! ఇద్దరు మనుషులుండాలి, చెరో తాడు ముక్కతో చెరో పిల్లినీ ఆడించాలి. పక్కన ఒక పెద్ద అట్టముక్క సిద్ధంగా ఉంచండి. మాట మితిమీరితే ఆ అట్టను మధ్యలో దించండి, చేతులు పెట్టకండి. బుసకొట్టడం తప్పు కాదు. "దగ్గరికి రాకు" అని మర్యాదగా చెప్పే మాట అది. బుసకొట్టిన కాటుకను మీరు కసిరితే, కూన వచ్చినప్పుడల్లా తిట్లు పడతాయన్న లెక్క కుదురుతుంది. గోళ్ళు దాచుకుని ఒక్క దెబ్బ వేయడం కూడా పెద్దవాళ్ళ పాఠమే, కూనకు అది అవసరం. చెవులు వెనక్కి అతుక్కుపోయి, కదలకుండా గుచ్చి చూస్తూ, గొంతులోంచి సాగదీసిన అరుపు వస్తుంటే మాత్రం ఆ రోజుకు చాలించండి. వెంటాడుకోవడం ఆటో కొట్లాటో తెలియకపోతే చెవులతో వినండి. ఆట దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది, వంతులు మారుతుంటాయి. కొట్లాటకు గొంతు ఎక్కువ, ఎప్పుడూ పారిపోయేది ఒకటే.

మీరు కాటుకతో మాట్లాడడానికి ఒక చిన్న ఉపాయం. దాని వైపు చూసి కళ్ళు నెమ్మదిగా సగం మూసి తెరవండి. 2020లో ఇంగ్లండులోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. అలా చేసిన మనుషులకు పిల్లులు కూడా కళ్ళు నెమ్మదిగా ఆర్పి బదులిచ్చాయి, పరాయి మనిషి అయినా అలా చేస్తే దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడ్డాయి. ఫ్రిజ్ వెనక కూర్చున్న చినుకుతో కూడా ఇదే భాష మాట్లాడండి.

ఈ నెలంతా కాటుక హక్కులు తగ్గకూడదు. దాని గిన్నె, దాని కిటికీ, రాత్రి మీ కాళ్ళ దగ్గర చోటు ఎక్కడివక్కడే ఉండాలి. చినుకు ఎక్కలేని ఎత్తులో, బీరువా పైనో అటక మీదో, దాని కోసం ఒక పాత దుప్పటి వేయండి. పై నుంచి చూడగలిగిన పిల్లికి సగం భయం తగ్గుతుంది. ఇసుక ట్రేలు పిల్లుల లెక్కకు ఒకటి ఎక్కువ ఉండాలంటారు, మీకు నాలుగు. ఫ్లాటులో నాలుగు అంటే అత్తగారి ముఖం నేను ఊహించగలను. మూడైనా సరే, ఒకేచోట వరుసగా పెట్టకండి. ఒకచోట ఉన్న మూడు ట్రేలు పిల్లికి ఒక్క ట్రే కిందే లెక్క. దారిలో ఒకటి కాపుకాస్తే మిగతావాటికి మూడూ అందవు.

రెండు విషయాల్లో మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కాటుక పూర్తిగా తినడం మానేసి ఒకరోజు దాటితే ఫోను చేయండి. పెద్ద పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కొవ్వు కాలేయానికి చేరి అదే ఒక జబ్బు అవుతుంది, లావుగా ఉన్నవాటికి మరీ త్వరగా. రెండోది లడ్డు. దూరంగా కూర్చుని చూస్తున్నాడు కదా అని వాడిని మరిచిపోకండి. బెదురు బయటపెట్టని మగ పిల్లులకు మూత్రనాళం దగ్గర అది బయటపడవచ్చు. మాటిమాటికీ ట్రేలోకి వెళ్ళి ముక్కుతూ, చుక్క మాత్రమే వస్తున్నా, అసలు రాకపోయినా అది మలబద్ధకం అనుకోవద్దు. మూత్రం అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అర్ధరాత్రయినా తీసుకెళ్ళండి.

ఇప్పుడు అత్తగారి సలహా. చేపల మార్కెట్లో పిల్లులు బతుకుతాయన్నది నిజమే, అక్కడ పుట్టి, అక్కడి వాసన ఒంటినిండా ఉన్నవి బతుకుతాయి. పరాయి వాసనతో వెళ్ళిన రెండు నెలల కూనకు మీ కాటుకలాంటివి అక్కడ పది ఎదురవుతాయి, అక్కడ మూసుకునే తలుపు ఉండదు. తిండీ నీళ్ళూ లేక అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. ఈ చివరి వాక్యాన్ని అత్తగారికి మీరు కాకుండా మీవారు చదివి వినిపిస్తే మంచిది.

మీరు తొందరపడ్డారా అని అడిగారు. ఇంట్లోకి తేవడంలో కాదు, హాల్లో వదలడంలో. ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఒక మాట. పిల్లి పిల్లల్ని మార్చినట్టు అంటాం కదా, తల్లి పిల్లి నిజంగానే కూనల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని చోటు మారుస్తుంది. ఒంటరిగా కనిపించిన కూన వంతు ఇంకా రాకపోయి ఉండవచ్చు. పొడిగా, క్షేమంగా ఉంటే దూరం నుంచి రెండు మూడు గంటలు చూడండి. తడిసి వణుకుతున్న కూన విషయంలో అంత వ్యవధి ఉండదు, మీరు ఎత్తుకోవడమే సరైనది.

స్నేహితులవుతాయా అన్నది మీరు అడగలేదు కానీ అడగబోతారు. పెద్ద పిల్లికి మరో పెద్ద పిల్లి కన్నా కూన త్వరగా అలవాటవుతుంది. మీ ఇంట్లో లడ్డు ముందు లొంగుతాడని నా పందెం. కాటుక ఎప్పటికీ చినుకును నాకి శుభ్రం చేయకపోవచ్చు. ఒకే సోఫాకు చెరో చివర నిద్రపోతే చాలు, చాలా కుటుంబాల్లో మనుషులు కూడా అంతకన్నా దగ్గరగా ఏమీ ఉండరు. దానికి మూడు వారాలు పట్టవచ్చు, మూడు నెలలూ పట్టవచ్చు.

ఇంకొకటి. చినుకు ఆడదో మగదో మీరు రాయలేదు, కానీ రంగు రాశారు కాబట్టి నేను చెప్పగలను. నారింజ రంగును తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. నలుపు, నారింజ రెండూ కనిపించాలంటే రెండు ఎక్స్‌లు కావాలి, అంటే దాదాపు ఎప్పుడూ ఆడదే. ఆడ కూన నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. కాబట్టి ఇంకో రెండు నెలల తర్వాత వచ్చే వారంలో, ఆపరేషన్ గురించి డాక్టరును అడగాలని ఈరోజే వంటింటి క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు దాని ఒంటినిండా మందుల వాసన ఉంటుంది, కాటుక మళ్ళీ గుర్తుపట్టక బుసకొడుతుంది. అప్పుడు ఆ చిన్న గది తలుపు మరో రెండు రోజులు మూయండి.